ప్రోగ్రాంతో కీబోర్డు టైపు చేయించడం ఎలా: మిల్లు తూకం చిట్టీల ఉదాహరణతో

యాసంగి కోతలు మొదలైతే మిర్యాలగూడ వైపు రైస్‌మిల్లుల ముందు వడ్ల ట్రాక్టర్లు బారులు తీరుతాయి. వేబ్రిడ్జి దగ్గర కంప్యూటర్‌లో తూకం చిట్టీలు ఒకదాని వెంట ఒకటి ఎక్సెల్‌లోకి చేరుతుంటాయి. లోపల ఆఫీసులో లెక్కల సాఫ్ట్‌వేర్ మాత్రం ఎప్పటిదో. ఎక్సెల్ ఫైలును అది తీసుకోదు, దాన్ని రాసినాయన ఫోన్ ఎత్తడు. గుమాస్తా రాత్రి పొద్దుపోయేదాకా కూర్చుని చిట్టీ నంబర్, రైతు పేరు, ఊరు, బస్తాలు, క్వింటాళ్లు, తేమ శాతం ఒక్కొక్కటీ చూసి మళ్లీ కొట్టాలి. జడ్చర్ల పత్తి మిల్లుల్లో, దేవరకొండ ఎరువుల షాపుల్లో, గద్వాల సీడ్ లెక్కల దగ్గరా ఇదే తంతు.

ఆ కొట్టే పనిని ప్రోగ్రాంతో చేయించవచ్చు. ఎలా చేయించాలో ఇక్కడ మొదటి నుంచి చెబుతాను. ఎక్కువగా విండోస్ గురించే, ఎందుకంటే మన దగ్గర ఆఫీసుల్లో ఉండేది అదే. ఒక మాట ముందే చెప్పాలి. కీ నొక్కించడం ఈ పనిలో చాలా తేలిక. నొక్కిన కీ ఎక్కడ పడిందో తెలుసుకోవడమే కష్టం. ప్రోగ్రాంకు కళ్లు లేవు, అది గుడ్డిగా కొడుతూ పోతుంది. అందుకే ఈ వ్యాసంలో సగానికి పైగా ఆ రెండో సంగతే ఉంటుంది.

మొదట చూడాల్సింది: వేరే దారి ఉందా?

కీబోర్డు నకలు ఆఖరి మార్గం. లెక్కల సాఫ్ట్‌వేర్ మెనూల్లో ఇంపోర్ట్ అనే మాట ఎక్కడైనా ఉందేమో చూడండి. అది డేటాను ఏ ఫైల్లో దాస్తుందో చూడండి. యాక్సెస్ ఫైలో, ఎస్‌క్యూఎల్ సర్వరో అయితే నేరుగా అందులోకి రాయాలనిపిస్తుంది. దాని లోపలి లంకెలు తెలియకుండా రాస్తే లెక్కలు తారుమారవుతాయి కాబట్టి, చదవడానికి వాడుకోండి, రాయడానికి వద్దు. చదవడం ఎందుకు పనికొస్తుందో సరిచూసే దగ్గర చెబుతాను.

ఇంకో దారి యూఐ ఆటోమేషన్. విండోస్‌లో చాలా ప్రోగ్రాంల గడులకు పేరు, రకం, విలువ ఉంటాయి. బయటి ప్రోగ్రాం ఆ గడిని పేరుతో పట్టుకుని విలువను నేరుగా పెట్టగలదు. కీలు నొక్కాల్సిన పని లేదు, ఫోకస్ గొడవా, అంటే కీలు ఏ గడిలో పడతాయన్న గొడవా, తక్కువ. పైథాన్‌లో పైవిన్‌ఆటో లైబ్రరీ ఈ పని చేస్తుంది. విండోస్ ఎస్‌డీకేతో (ప్రోగ్రాంలు రాసేవాళ్లకు ఇచ్చే పనిముట్ల కట్టతో) వచ్చే ఇన్‌స్పెక్ట్ అనే టూల్ తెరిచి, మీ సాఫ్ట్‌వేర్ గడి మీద మౌస్ పెట్టండి. గడి వివరాలు కనిపిస్తే మీ అదృష్టం, ఆ దారే పట్టండి. విజువల్ బేసిక్ 6 కాలం ప్రోగ్రాంలలో ఒక్కో గడి విడివిడిగా దొరుకుతుంది. ఫాక్స్‌ప్రో అనే పాత డేటాబేస్ పనిముట్టులో చేసినవి తమ గడులను తామే గీసుకుంటాయి, బయటి నుంచి చూస్తే మొత్తం ఒకే పెద్ద పలకలా ఉంటుంది. అలాంటి వాటి కోసమే ఈ కింది తిప్పలన్నీ.

కీ నొక్కితే లోపల ఏం జరుగుతుంది

మీరు కీ నొక్కగానే కీబోర్డు పంపేది అక్షరం కాదు, ఆ కీ స్థానం చెప్పే ఒక సంఖ్య. దాన్ని స్కాన్ కోడ్ అంటారు. ఇంగ్లిష్ A అక్షరం కీకి 30, ఎంటర్‌కు 28. విండోస్ దాన్ని వర్చువల్ కీ అనే మరో సంఖ్యగా మారుస్తుంది: A అయితే 65, ట్యాబ్ 9, ఎంటర్ 13, షిఫ్ట్ 16, కంట్రోల్ 17, ఆల్ట్ 18. ఆ తర్వాత అప్పుడు ఎంచుకుని ఉన్న కీబోర్డు లేఅవుట్‌ను బట్టి అది అక్షరం అవుతుంది. ఇంగ్లిష్ లేఅవుట్‌లో కే అయ్యే కీ, ఇన్‌స్క్రిప్ట్ అనే తెలుగు లేఅవుట్‌లో క అవుతుంది.

ప్రతి కీకి రెండు ఘటనలు ఉంటాయి, నొక్కడం ఒకటి, వదలడం ఒకటి. ప్రోగ్రాం రాసేటప్పుడు రెండూ మీరే పంపాలి. కంట్రోల్ నొక్కి వదలడం మరిచిపోయారనుకోండి, ఆ తర్వాత కొట్టే ప్రతి అక్షరం ఒక షార్ట్‌కట్ అయిపోతుంది. ఎస్ కొడితే సేవ్, పీ కొడితే ప్రింట్. ప్రింటర్ కాగితాలు కక్కడం మొదలుపెడితే ముందు అనుమానించాల్సింది దీన్నే.

ఆ ఘటన చివరికి ఎవరికి చేరుతుంది? ఆ క్షణాన తెర మీద ముందున్న విండోలో, ఫోకస్ ఉన్న గడికి. మీ ప్రోగ్రాం ఎవరి కోసం పంపిందన్నది విండోస్‌కు పట్టదు. మధ్యలో వాట్సాప్ వెబ్ విండో ముందుకొస్తే రైతు బ్యాంక్ ఖాతా నంబర్ ఎవరి చాట్‌లోనో పడుతుంది.

మెడికల్ షాపులో బార్‌కోడ్ స్కానర్ చూసే ఉంటారు. అది కూడా కంప్యూటర్‌కు ఒక కీబోర్డే. బార్‌కోడ్ చదివి, ఆ అంకెలను కీలు నొక్కినట్టు పంపి, చివర ఎంటర్ కొడుతుంది. బిల్లింగ్ సాఫ్ట్‌వేర్‌కు మనిషి కొట్టాడా, స్కానర్ కొట్టిందా అన్న తేడా తెలియదు. మనం చేయబోయేదీ అదే.

ఏ పనిముట్టు తీసుకోవాలి

ప్రోగ్రామింగ్ పెద్దగా రానివాళ్లకు ఆటోహాట్‌కీ మంచిది. 2003 నుంచి ఉంది, ఉచితం, ఇలాంటి పనుల కోసమే పుట్టింది. ఇప్పుడు మొదలుపెట్టేవాళ్లు రెండో వెర్షన్‌తో మొదలుపెట్టండి. నెట్‌లో దొరికే పాత ఉదాహరణలు చాలావరకు మొదటి వెర్షన్‌వి, రాసే పద్ధతి వేరు, అతికిస్తే పని చేయవు.

పైథాన్ వచ్చినవాళ్లకు పైఆటోగుయ్ అనే లైబ్రరీ. ఎక్సెల్ చదవడం, తేదీలు సరిచేయడం లాంటి పనులు పైథాన్‌లోనే అయిపోతాయి కాబట్టి మిల్లు పనికి నా ఓటు దీనికే. తెలుగు దగ్గర మాత్రం దీనికి ఒక పెద్ద లోటుంది, ముందుకెళ్లాక వస్తుంది.

ఎక్సెల్ మాక్రోలోనూ, డాట్‌నెట్‌లోనూ సెండ్‌కీస్ ఉంది. చిన్న పనికి సరిపోతుంది. ఒక ప్రమాదం చెప్పాలి. సెండ్‌కీస్‌లో ప్లస్ గుర్తు అంటే షిఫ్ట్, టోపీ గుర్తు కంట్రోల్, శాతం గుర్తు ఆల్ట్, అల గుర్తు ఎంటర్. తేమ గడిలో 17% అని పంపారనుకోండి. 17 పడుతుంది, ఆ వెంటనే ఆల్ట్ నొక్కినట్టయి మెనూ తెరుచుకుంటుంది, మిగతా చిట్టీ అంతా ఆ మెనూ మీద పడుతుంది. అలాంటి గుర్తును మీసాల బ్రాకెట్లలో పెట్టి పంపాలి. రైతు పేరు పక్కన చిన్న, పెద్ద అని బ్రాకెట్లలో రాసుకునే అలవాటు మన దగ్గర ఎక్కువ, ఆ బ్రాకెట్లకూ ఇదే తిప్పలు. ఆటోహాట్‌కీలో గుర్తులు వేరు, సమస్య ఒకటే. అందులో సెండ్ బదులు సెండ్‌టెక్స్ట్ వాడితే ఏ గుర్తుకూ ప్రత్యేక అర్థం ఉండదు, ఉన్నదున్నట్టు పడుతుంది.

సీ, సీ షార్ప్ లాంటి భాషల్లో నేరుగా రాసేవాళ్లకు విండోస్ ఇచ్చే ఫంక్షన్ సెండ్‌ఇన్‌పుట్. పాత ఉదాహరణల్లో కనిపించే కీబోర్డ్ ఈవెంట్ ఫంక్షన్ స్థానంలో వచ్చింది ఇదే. పైవాటిలో చాలావరకు చివరికి ఈ రెండింటిలో ఒకదాన్నే పిలుస్తాయి.

నోట్‌ప్యాడ్‌తో మొదలుపెట్టండి

అసలు సాఫ్ట్‌వేర్ జోలికి అప్పుడే పోవద్దు. నోట్‌ప్యాడ్ తెరవండి. పైఆటోగుయ్ ఎక్కించుకుని ఇంత రాయండి: లైబ్రరీని తెచ్చుకో, ఐదు సెకన్లు ఆగు, రైట్ (write) ఫంక్షన్‌తో చిట్టీ నంబర్ కొట్టు, ప్రెస్ ఫంక్షన్‌తో ట్యాబ్ నొక్కు, బస్తాల సంఖ్య కొట్టు, ఎంటర్ నొక్కు. ప్రోగ్రాం నడిపించి, ఆ ఐదు సెకన్లలో నోట్‌ప్యాడ్ మీద క్లిక్ చేయండి. అంకెలు వాటంతట అవే పడతాయి.

ఈ ప్రయోగం అయ్యాక క్యాప్స్ లాక్ వేసి మళ్లీ నడపండి. తర్వాత భాషను తెలుగుకు మార్చి ఇంగ్లిష్ అక్షరాలున్న లారీ నంబర్ కొట్టించండి. ఏమేం చెడిపోతాయో ఇక్కడే కనిపిస్తుంది, ఇక్కడ చెడిపోతే ఎవరికీ నష్టం లేదు. అసలు పని మొదలయ్యే ముందు క్యాప్స్ లాక్, కీబోర్డు భాష సరిగా ఉన్నాయో లేదో ప్రోగ్రామే చూసుకోవాలి.

సెండ్‌ఇన్‌పుట్ లోపలి సంగతులు

రెడీమేడ్ లైబ్రరీలు వాడేవాళ్లు ఈ భాగం దాటేసినా ఫరవాలేదు. కాకపోతే ఏదైనా ఆగిపోయినప్పుడు కారణం చాలాసార్లు ఇక్కడే దొరుకుతుంది.

సెండ్‌ఇన్‌పుట్‌కు మూడు ఇవ్వాలి: ఎన్ని ఘటనలు, ఆ ఘటనల వరుస, ఒక్కో ఘటన ఎన్ని బైట్లు. ఒక్కో ఘటనలో రకం ఉంటుంది, కీబోర్డుకు 1. తర్వాత వర్చువల్ కీ, స్కాన్ కోడ్, గుర్తులు, సమయం. గుర్తుల్లో 1 అంటే ఎక్స్‌టెండెడ్ కీ, 2 అంటే కీ వదలడం, 4 అంటే యూనికోడ్ (ఏ భాష అక్షరానికైనా ఒక సంఖ్య ఇచ్చే పద్ధతి) అక్షరం, 8 అంటే వర్చువల్ కీ వదిలేసి స్కాన్ కోడ్ చూడమని. కావాల్సిన వాటిని కలిపి ఇవ్వొచ్చు. యూనికోడ్ అక్షరాన్ని వదలడం అంటే 4కు 2 కలిపి 6.

పైథాన్ నుంచి విండోస్ ఫంక్షన్లను నేరుగా పిలిచే సీటైప్స్‌తో దీన్ని రాసేవాళ్లు తరచూ చిక్కుకునేది బైట్ల లెక్క దగ్గర. 64 బిట్ విండోస్ ప్రోగ్రాంలో ఒక్కో ఘటన 40 బైట్లు, 32 బిట్‌లో 28. కీబోర్డు భాగం ఒక్కటే నిర్వచించి, మౌస్ భాగం మనకెందుకులే అని వదిలేస్తే 64 బిట్‌లో 32 బైట్లే వస్తుంది. అప్పుడు ఫంక్షన్ 0 అని జవాబిచ్చి ఊరుకుంటుంది, ఒక్క కీ కూడా పడదు. మౌస్, కీబోర్డు, హార్డ్‌వేర్ అనే మూడు రకాల ఘటనల్లో మౌస్‌దే పెద్దది కాబట్టి, మూడూ ఒకే చోటును పంచుకునే యూనియన్ అనే భాగంలో దాన్నీ చేర్చి తీరాలి.

బాణం కీలు, డిలీట్, కుడి వైపు కంట్రోల్ లాంటివి ఎక్స్‌టెండెడ్ కీలు. స్కాన్ కోడ్‌తో పంపేటప్పుడు ఆ గుర్తు పెట్టకపోతే ఎడమ బాణానికి, నంబర్ ప్యాడ్‌లోని 4కు తేడా ఉండదు, రెండింటి కోడూ 75. నంబర్ లాక్ వేసి ఉంటే బాణం బదులు 4 పడుతుంది. క్వింటాళ్ల గడిలో ఎక్కడి నుంచో ఒక 4 చేరిందంటే లెక్క ఎక్కడికి పోతుందో చెప్పక్కర్లేదు.

డాస్‌బాక్స్‌లో (డాస్ కాలం ప్రోగ్రాంలను ఇప్పటి కంప్యూటర్‌లో నడిపేది) నడిచే పాత ప్రోగ్రాంలు, చాలా ఆటలు వర్చువల్ కీని పట్టించుకోవు, స్కాన్ కోడ్ చూస్తాయి. నోట్‌ప్యాడ్‌లో బాగా పడి, అక్కడ ఏమీ పడకపోతే స్కాన్ కోడ్‌తో పంపి చూడండి.

ఒకే పిలుపులో పంపిన ఘటనల మధ్యలోకి మనిషి కొట్టే కీలు దూరవు. వేర్వేరు పిలుపుల్లో పంపితే దూరతాయి. కంట్రోల్ నొక్కు, ఎస్ నొక్కు, ఎస్ వదులు, కంట్రోల్ వదులు అనే నాలుగింటినీ ఒకే కట్టగా పంపడం అందుకే మేలు. అప్పటికే ఎవరైనా షిఫ్ట్ నొక్కి పట్టుకుని ఉంటే దాన్ని మాత్రం సెండ్‌ఇన్‌పుట్ తీసేయదు. కాబట్టి మొదలుపెట్టే ముందు షిఫ్ట్, కంట్రోల్, ఆల్ట్ నొక్కి ఉన్నాయేమో అడిగి తెలుసుకోవాలి.

ఇక అడ్మిన్ సమస్య. విస్టా నుంచి విండోస్‌లో ఒక అడ్డుగోడ ఉంది. మామూలు హక్కులతో నడిచే ప్రోగ్రాం, అడ్మినిస్ట్రేటర్‌గా నడిచే ప్రోగ్రాంలోకి కీలు పంపలేదు. విచిత్రం ఏమిటంటే ఈ అడ్డు వల్లే ఆగిందని సెండ్‌ఇన్‌పుట్ చెప్పదు, జవాబులోనూ ఎర్రర్‌లోనూ ఏ ఆనవాలూ ఉండదు. పాత లెక్కల సాఫ్ట్‌వేర్లను చాలాచోట్ల రన్ యాజ్ అడ్మినిస్ట్రేటర్ పెట్టి నడుపుతుంటారు. మీ ప్రోగ్రాంనూ అదే హక్కులతో నడపండి, లేదా దానికి అడ్మిన్ నిజంగా అవసరమా అని చూడండి.

విండోను ముందుకు తేకుండానే పోస్ట్‌మెసేజ్‌తో కీ సందేశాలు పంపవచ్చని కొందరు చెబుతారు. సాదా గడుల్లో అక్షరాలు పడతాయి, నిజమే. కానీ అసలు కీబోర్డు స్థితి మారదు కాబట్టి కంట్రోల్, షిఫ్ట్‌తో కలిపి నొక్కేవి చాలావరకు పని చేయవు. గంటలు గంటలు దీని మీద పెట్టొద్దు.

ఫోకస్: అసలు పని ఇక్కడే

ప్రతి చిట్టీ ముందు ప్రోగ్రాం చేయాల్సింది ఇది:

లెక్కల విండోను ముందుకు తే.
ఇప్పుడు ముందున్న విండో ఏదో విండోస్‌ను అడుగు.
దాని శీర్షికలో ఎంట్రీ ఫారం పేరు లేకపోతే, ఒక సెకను ఆగి మళ్లీ అడుగు.
పది సెకన్లయినా రాకపోతే ఆగిపో, చిట్టీ నంబర్ లాగ్‌లో రాయి.
వచ్చిందా, అయితేనే మొదటి కీ నొక్కు.

రెండో వరుస ఎందుకంటే, విండోను ముందుకు తెమ్మంటే విండోస్ ప్రతిసారీ వినదు. మీరు ఇంకేదో విండోలో పని చేస్తుంటే, అడిగిన విండోను ముందుకు తేకుండా కింద టాస్క్‌బార్‌లో దాని బొమ్మను మెరిపించి ఊరుకుంటుంది. తెచ్చానని నమ్మి కొడితే పక్క విండోలో పడుతుంది.

ఆటోహాట్‌కీలో విన్‌యాక్టివేట్, ఆ వెంటనే విన్‌వెయిట్‌యాక్టివ్ రాస్తే ఇది రెండు వరుసల్లో అయిపోతుంది. రెండోదానికి ఎన్ని సెకన్లు చూడాలో తప్పకుండా ఇవ్వండి, ఇవ్వకపోతే అది అలా చూస్తూనే ఉంటుంది.

గడి నుంచి గడికి వెళ్లడానికి మౌస్ క్లిక్ కంటే ట్యాబ్, ఎంటర్ నమ్మకమైనవి. తెర సైజు మారినా, విండో జరిగినా వాటికేం కాదు. కాకపోతే సాఫ్ట్‌వేర్ కొన్నిసార్లు దారి మారుస్తుంది: రైతు పేరు కొత్తదైతే కొత్త ఖాతా తెరవాలా అని ఒక డబ్బా వస్తుంది, తేమ 17 శాతం దాటితే హెచ్చరిక వస్తుంది. గుమాస్తా పక్కన ఒక పూట కూర్చుని, ఆయన చేతులు ఎక్కడెక్కడ ఆగుతున్నాయో రాసుకోండి. ఆయన ఆగిన ప్రతిచోటా మీ ప్రోగ్రాంకు ఒక ప్రశ్న ఉండాలి.

తెలుగు కొట్టించడం

ఇక్కడ చాలామంది చేతులెత్తేస్తారు. పైఆటోగుయ్ రైట్ ఫంక్షన్‌కు తెలుగు పేరు ఇస్తే ఏమీ పడదు, తప్పని కూడా చెప్పదు. కీబోర్డు మీద లేని అక్షరాన్ని అది చప్పుడు చేయకుండా వదిలేస్తుంది.

దారులు మూడున్నాయి. మొదటిది యూనికోడ్ గుర్తుతో సెండ్‌ఇన్‌పుట్. అప్పుడు లేఅవుట్ ఏదైనా ఫరవాలేదు, అక్షరం నేరుగా వెళ్తుంది. యూనికోడ్‌లో తెలుగుకు 3072 నుంచి 3199 దాకా చోటుంది, క 3093, పొల్లు 3149. త్రిపురారం అనే ఊరి పేరు తీసుకోండి. కంటికి త్రి, పు, రా, రం అని నాలుగే. యూనికోడ్‌లో పది: త, పొల్లు, ర, గుడి, ప, కొమ్ము, ర, దీర్ఘం, ర, సున్నా. నొక్కడం, వదలడం కలిపి ఇరవై ఘటనలు పంపాలి. మధ్యలో ఒక్కటి పోయినా ఊరి పేరు మారిపోతుంది. పొల్లు పోతే త్రిపురారం కాస్తా తరిపురారం అవుతుంది. పైన్‌పుట్ లైబ్రరీ, ఆటోహాట్‌కీ సెండ్‌టెక్స్ట్ ఈ పని మీకోసం చేసిపెడతాయి.

సాఫ్ట్‌వేర్ లాంటి మాటలో ట్‌కు, వేకు మధ్య కంటికి కనిపించని ఒక గుర్తు ఉంటుంది, దాని సంఖ్య 8204. ఇద్దరు ఆపరేటర్లు ఒకే పేరును ఒకరు ఆ గుర్తుతో, ఇంకొకరు లేకుండా కొట్టి ఉంటే, కంప్యూటర్‌కు వాళ్లు ఇద్దరు వేర్వేరు రైతులు. పంపేముందు పేర్లన్నింటినీ ఒకే పద్ధతికి తెచ్చుకోండి. పేరు వెనక మిగిలిపోయిన ఖాళీలనూ అప్పుడే తీసేయండి.

రెండో దారి క్లిప్‌బోర్డు. తెలుగు మాటను క్లిప్‌బోర్డులో పెట్టి కంట్రోల్ వీ నొక్కించడం. వేగం ఎక్కువ, అక్షరాలు మధ్యలో జారిపోవు. విండోస్‌లో క్లిప్‌బోర్డ్ హిస్టరీ ఆన్ చేసి ఉంటే మాత్రం మీరు అతికించినవి అక్కడ పోగవుతాయి, విండోస్ కీ, వీ కలిపి నొక్కినవాళ్లకు కనిపిస్తాయి. రైతుల ఆధార్, బ్యాంక్ ఖాతా నంబర్లు ఈ దారిలో పంపకండి, లేదా హిస్టరీని ఆఫ్ చేయండి.

మూడోది ఇన్‌స్క్రిప్ట్ లేఅవుట్‌కు మార్చి, ఆ కీలే నొక్కించడం. యూనికోడ్ గుర్తును అర్థం చేసుకోని ప్రోగ్రాంలు కొన్ని దీనికి లొంగుతాయి. పని ఎక్కువ, తప్పనిసరైతేనే.

ఏ దారిలో పంపినా ప్రశ్న గుర్తులే పడుతున్నాయంటే ఆ సాఫ్ట్‌వేర్‌కు యూనికోడ్ రాదు. ఇంక దానితో కుస్తీ పట్టి లాభం లేదు. పేర్లను ఇంగ్లిష్ అక్షరాల్లోకి మార్చి పంపండి. పెళ్లి కార్డులు, ఫ్లెక్సీలు చేసే డీటీపీ సెంటర్ల అను ఫాంట్ల కథ ఇంకోలా ఉంటుంది. ఆ ఫైళ్లలో లోపల ఉండేది తెలుగు యూనికోడ్ కాదు, వేరే కోడ్‌ల మీద తెలుగు ఆకారాలు. అక్కడ యూనికోడ్ కీలు పంపితే పిచ్చి గీతలు వస్తాయి, ముందు కన్వర్టర్‌తో మార్చుకోవాలి.

ఎక్సెల్ వైపు సర్దుకోవాల్సినవి

పన్నెండు అంకెల సంఖ్యను ఎక్సెల్ మామూలు గడి కుదించి చూపిస్తుంది. పదిహేను దాటిన అంకెలను సున్నాలు చేసేస్తుంది, మొదట్లో ఉండే సున్నాలను తినేస్తుంది. ఖాతా నంబర్ల గడులను కొట్టేముందే టెక్స్ట్‌గా మార్చి ఉంచాలి. తేదీని సాఫ్ట్‌వేర్ ఏ వరుసలో అడుగుతుందో చూసి, ప్రోగ్రాంలోనే రోజు, నెల, సంవత్సరం విడదీసి కట్టుకోండి.

ఎంత వేగంగా కొట్టాలి

సెండ్‌ఇన్‌పుట్ క్షణంలో వందల కీలు పంపగలదు, పాత సాఫ్ట్‌వేర్ అంత మింగలేదు. ఒక్కో కీకి 30 నుంచి 50 మిల్లీసెకన్ల విరామంతో మొదలుపెట్టి, బాగా నడిస్తే తగ్గించుకోండి. పైఆటోగుయ్ ప్రతి పిలుపు తర్వాత దానంతట అదే పదోవంతు సెకను ఆగుతుంది, రైట్ ఫంక్షన్ లోపల అక్షరాల మధ్య విరామం మాత్రం మీరే ఇవ్వాలి. ఆటోహాట్‌కీ రెండో వెర్షన్‌లో సెట్‌కీడిలే పెట్టినా వేగం తగ్గడం లేదని చాలామంది తల పట్టుకుంటారు. అందులో సెండ్ మామూలుగా సెండ్‌ఇన్‌పుట్ పద్ధతిలో వెళ్తుంది, దానికి ఆ డిలే వర్తించదు. సెండ్‌ఈవెంట్‌కు మార్చుకుంటే వర్తిస్తుంది.

సేవ్ నొక్కాక మాత్రం గుడ్డిగా రెండు సెకన్లు ఆగడం సరిపోదు. డేటా పెరిగేకొద్దీ సేవ్ నెమ్మదిస్తుంది. సేవ్ అయినట్టు చెప్పే డబ్బా వచ్చేదాకా, లేదా ఫారం ఖాళీ అయ్యేదాకా చూడాలి.

ఆపే ఏర్పాటు, కరెంటు పోతే ఏం చేయాలి

ప్రోగ్రాం అదుపు తప్పితే ఆపడానికి కీబోర్డు మీ చేతిలో ఉండదు, అది కొడుతూనే ఉంటుంది. పైఆటోగుయ్‌లో మౌస్‌ను తెర పై ఎడమ మూలకు తోస్తే ఆగిపోతుంది. ఆ సౌకర్యాన్ని ఎప్పుడూ ఆఫ్ చేయొద్దు. ఆటోహాట్‌కీలో ఎస్కేప్ నొక్కితే స్క్రిప్టు మూసుకునేలా ఒక వరుస పెట్టుకోండి. గుమాస్తాకు ఇది చూపించి, ఆయనతో ఒకసారి ఆపించి చూడండి.

ఎక్సెల్‌లో స్థితి అని ఒక నిలువు వరుస చేర్చండి. చిట్టీ మొదలుపెట్టే ముందు మొదలు అని, సేవ్ ఖాయమయ్యాక పూర్తి అని ప్రోగ్రాం రాసుకోవాలి. ఆ ఫైలును ప్రతి చిట్టీకీ సేవ్ చేయాలి. కరెంటు పోయి యూపీఎస్ కూడా చేతులెత్తేస్తే, మళ్లీ మొదలైనప్పుడు పూర్తి అన్నవాటిని వదిలేసి వెళ్తుంది. మొదలు అని మిగిలిన ఒక్క చిట్టీని మాత్రం మనిషి చూసి తేల్చాలి. చిట్టీ పడకపోతే రైతు వచ్చి అడుగుతాడు. రెండుసార్లు పడితే ఎవరూ అడగరు.

సరిచూసుకోవడం

కొట్టిన విలువ నిజంగా గడిలో ఉందా అని అక్కడికక్కడే చూసే వీలుంటే చూడండి: గడిలోది కాపీ చేసి, క్లిప్‌బోర్డు చదివి, పంపినదానితో పోల్చడం. అన్ని గడులకూ ఇలా చేస్తే తెల్లారుతుంది. క్వింటాళ్లు, ఖాతా నంబర్ రెండింటికి చేస్తే చాలు.

రోజు చివర సాఫ్ట్‌వేర్ నుంచి రిపోర్టు తీసి చిట్టీల సంఖ్య, మొత్తం బస్తాలు, మొత్తం క్వింటాళ్లు ఎక్సెల్ మొత్తాలతో పోల్చండి. సన్నాలు, దొడ్డు వడ్లు విడివిడిగా. మొదట్లో చెప్పిన డేటా ఫైలు చదవడం ఇక్కడ పనికొస్తుంది. దాని నకలు తీసుకుని చదివితే చిట్టీకి చిట్టీ పోల్చవచ్చు.

బ్రౌజర్, లినక్స్, మ్యాక్

వెబ్ పేజీ అయితే పై పద్ధతులు వద్దు, బ్రౌజర్‌ను ప్రోగ్రాంతో నడిపించే సెలీనియం వాడండి. పేజీలోనే జావాస్క్రిప్ట్‌తో కీ ఘటన పుట్టిస్తే బ్రౌజర్ దాన్ని నమ్మదగనిదిగా గుర్తుపెడుతుంది, గడిలో అక్షరం పడదు. సెలీనియం మాత్రం బ్రౌజర్ డ్రైవర్ ద్వారా వెళ్తుంది. ప్రభుత్వ పోర్టళ్లలో క్యాప్చా, ఓటీపీ ఉన్నచోట ప్రోగ్రాంను నిలబెట్టొద్దు. అక్కడ మనిషే ఉండాలని అవి పెట్టారు. లాగిన్ ఐడీ రద్దయితే సీజన్ మధ్యలో ఇబ్బంది పడేది సెంటర్ నడిపేవాళ్లే. పాస్‌వర్డ్‌ను స్క్రిప్టులో రాసిపెట్టడం కూడా వద్దు.

లినక్స్‌లో తెర మీద విండోలను చూపే వ్యవస్థ ఎక్స్11 అయితే ఎక్స్‌డూటూల్ అనే పనిముట్టు చాలు. ఉబుంటు 21.04 నుంచి మామూలుగా వచ్చేది దాని బదులు వేలాండ్. అందులో ఒక ప్రోగ్రాం ఇంకో ప్రోగ్రాంలోకి కీలు పంపడాన్ని కావాలనే కట్టడి చేశారు. అక్కడ యూఇన్‌పుట్ ద్వారా కెర్నల్ స్థాయిలో ఒక నకిలీ కీబోర్డు పుట్టించాలి, వైడూటూల్ ఆ దారిలోనే పని చేస్తుంది, ఆ పరికరం ఫైలుకు అనుమతి ఇవ్వాలి. మ్యాక్‌లో సెట్టింగ్స్‌లోని ప్రైవసీ భాగంలో యాక్సెసిబిలిటీ అనుమతి ఇచ్చేదాకా ఏ కీ కదలదు.

రాత్రిపూట వదిలేసి వెళ్లేవాళ్లకు

సాయంత్రం నడిపించి తాళం వేసి ఇంటికి పోదామనుకుంటే కొన్ని అడ్డంకులున్నాయి. తెర లాక్ అయితే కీలు మీ సాఫ్ట్‌వేర్‌కు చేరవు. రిమోట్ డెస్క్‌టాప్‌లో నడిపిస్తూ ఆ విండోను మినిమైజ్ చేసినా, కనెక్షన్ తెంపినా చాలావరకు ఆగిపోతుంది. విండోస్ సర్వీస్‌గా పెడితే అది వేరే సెషన్‌లో నడుస్తుంది, మీ డెస్క్‌టాప్ దానికి కనిపించదు. టాస్క్ షెడ్యూలర్‌లో యూజర్ లాగిన్ అయి ఉన్నప్పుడే నడిచేలా పెట్టండి. లాగిన్ అయి ఉన్నా లేకున్నా అనే రెండో ఎంపిక ఈ పనికి పనికిరాదు. ఆ గంటల వరకు స్క్రీన్ లాక్, స్లీప్ ఆపి, మానిటర్ ఒక్కటీ స్విచ్ దగ్గర ఆర్పేసి, గదికి తాళం వేయండి.

సాఫ్ట్‌వేర్‌తో పంపిన కీలను ససేమిరా తీసుకోని ప్రోగ్రాంలు అరుదుగా ఎదురవుతాయి. వాటికి ఆర్డునో లియోనార్డో లాంటి బోర్డు ఉంది. యూఎస్‌బీకి తగిలిస్తే కంప్యూటర్ దాన్ని నిజమైన కీబోర్డు అనే అనుకుంటుంది, బార్‌కోడ్ స్కానర్ లాగే. అది లేఅవుట్ కీలే పంపగలదు, నేరుగా తెలుగు యూనికోడ్ రాదు. ప్రోగ్రాంలో తప్పు రాసి బోర్డులోకి ఎక్కిస్తే తగిలించిన ప్రతిసారీ మొదలుపెట్టేస్తుంది కాబట్టి, బోర్డు మీద ఒక స్విచ్ పెట్టి, అది నొక్కితేనే టైపింగ్ మొదలయ్యేలా రాయండి.